మా అత్త పడిన రోజులు

మా అత్త మొదటిసారి పడినప్పుడు మేమంతా నవ్వాం. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ నవ్వాం. పొద్దుటినుంచి పడసాలలో కాళ్ళు బారజాపుకుని విత్తనపు శనక్కాయలు వలుస్తూ కూర్చున్న మనిషి, గింజల మీదికి వచ్చిన కోడిని తోలడానికి చటుక్కున లేచింది. రెండడుగులు వేసింది. మూడో అడుగు ఎక్కడ వెయ్యాలో మరిచిపోయినట్టు ఒక్క క్షణం నిలబడి, వలిచిన గింజల రాశి మీదే కూలబడింది. కోడి ఎగిరి గోడెక్కింది. అత్త కొంగులో, కొప్పులో, ఒళ్ళో అంతా గింజలు.

"నవ్వింది చాలుగానీ, వచ్చి లేపండి" అంది.

లేపాం. దెబ్బేమీ తగల్లేదు. తనూ నవ్వుతూ గింజలు దులుపుకుని, "కాలు జారితే లేస్తామమ్మే, నోరు జారితేనే లేచేది లేదు" అంటూ నావైపు చూసింది. నా నోటి మీద ఆమెకు ఎప్పుడూ ఒక మాట సిద్ధంగా ఉండేది. తప్పు ఆమెది కాదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అక్కడినుంచి నాలుకకు ఎంతో దూరం లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. కంబదూరు వైపు మా ఊరు. వరసగా వాన ఎగ్గొట్టిన ఏళ్ళు. ఇంట్లో నలుగురం: అత్త, నా భర్త, నేను, బడికి వెళ్ళే పాప. ఆయన మెట్టసేద్యం చేసేవాడు; పొలంలో పని లేనప్పుడు ఎవరి బోరు దగ్గరో మోటారు చూసే పనికి వెళ్ళేవాడు. నేను ఊళ్ళో అంగన్‌వాడీలో పిల్లల బరువులు తూచి రిజిస్టర్లో ఎక్కించేదాన్ని. ఏదైనా సరే రాసి పెట్టుకుంటే ఒకనాటికి దాని అర్థం తేలుతుందని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం పూర్తిగా తప్పు కాలేదు. కానీ తేలేసరికి ఏడాది పట్టింది.

రెండోసారి నీళ్ళు పోసుకునే బచ్చలి దగ్గర పడింది. అప్పుడు ఎవరూ నవ్వలేదు. మూడోసారి గడప దాటుతూ పడింది. నాలుగోసారి ఎక్కడా ఏమీ లేదు. చదునైన బండల మీద, చేతిలో బరువు లేకుండా, ఎండపొద్దున మంచం మీదినుంచి లేచి నిలబడి, నిలబడ్డచోటే పడిపోయింది. మోకాలు చిట్లింది. ఏమైందత్తా అంటే, "ఏమీ కాలేదు. నేల పైకొచ్చినాది" అంది. నాకు అర్థం కాలేదు. ఆమెకూ అర్థమైనట్టు లేదు.

ఊళ్ళో మాత్రం అందరికీ అర్థమైంది. తలా ఒక కారణం తెచ్చి ఇచ్చారు. రక్తం తక్కువైందని ఒకరు, మోకాళ్ళు అరిగాయని ఒకరు. ఊరి బోరు నీళ్ళకు ముసలోళ్ళందరి కీళ్ళూ బిగుసుకుపోయాయి కదా, అదేనని మరొకరు. పక్కింటావిడ ఇవేవీ కాదంది. "మంగళారం పడిందా లేదా?" అని అడిగింది. పడింది, ఒకటి మంగళవారమే. "అద్దో" అని చేతులు తిప్పింది.

కళ్యాణదుర్గంలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. అంతకు ముందు చలికాలంలోనే ఆయన అత్తకు బీపీ మాత్ర, కాళ్ళ వాపుకు ఒంటినీరు తీసే మాత్ర రాసిచ్చి ఉన్నాడు. ఎన్నిసార్లు పడిందని అడిగాడు. నా భర్త మూడన్నాడు. నేను ఐదన్నాను. అత్త ఇద్దర్నీ చూసి, "యాడ పడినా? ఒకసారి తూలినా, అంతే" అంది. డాక్టరు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎన్నిసార్లు పడిందో తెలీకుండా ఎందుకు పడిందో నేనెట్ల చెప్పేదమ్మా? ఇంటికి పోయి రాసిపెట్టు. ఈ మాత్రలు ఏసుకునేవాళ్ళు నీళ్ళు బాగా తాగల్ల. ఒంట్లో నీళ్ళు తగ్గితే లేచి నిలబడేతలికి కండ్లు తిరుగుతాయి. తాగుతాదా నీళ్ళు?"

"తాగుతాది సార్" అన్నాను. అబద్ధం చెప్పలేదు. అత్త చెంబెత్తి గటగటా తాగడం నేను చూసిందే.

ఇంటికి వచ్చాక గోడ మీది క్యాలెండరులో అత్త పడిన రోజు ఎర్ర పెన్సిలుతో అడ్డగీతలు కొట్టడం మొదలుపెట్టాను. ఆ క్యాలెండరులో అప్పటికే నా నీలం సున్నాలున్నాయి. అవి ట్యాంకరు వచ్చిన రోజులు. బోరు నీళ్ళు గిన్నెలు కడగడానికి తప్ప పనికిరావు, నోట్లో పోసుకుంటే ఉప్పు. తాగే నీళ్ళు ట్యాంకరులో రావాలి. నాలుగు రోజులకొకసారి పంపిస్తామన్నారు. అది ఐదు రోజులకొచ్చేది, ఆరు రోజులకొచ్చేది. అడిగితే ట్యాంకరతను "మొన్ననే గదక్కా వచ్చింటి" అనేవాడు. వాడి నోరు మూయించడానికే నేను సున్నాలు చుట్టడం. పోట్లాటలో రాతపూర్వకమైన సాక్ష్యం ఉంటే ఆ బలమే వేరు.

ఇక్కడ ఒక ఇత్తడి బిందె సంగతి చెప్పాలి. అత్త మొదటిసారి పడడానికి రెండు నెలల ముందు, ఎండాకాలంలో, ట్యాంకరు వారం దాటినా రాలేదు. అదే సమయానికి పాపకు జ్వరం, వాంతులు. ఇంట్లో మంచినీళ్ళు చుక్క లేవు. నేను చెంబు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. అందరూ మంచివాళ్ళే, కానీ ఎవరి బిందె అడుగు వాళ్ళకు కనిపిస్తోంది. నాలుగో ఇంట్లో అరచెంబు పోశారు. ఆ మధ్యాహ్నం నాకు కలిగిన భయం ఇప్పటికీ పోలేదు. మళ్ళీ ట్యాంకరు వచ్చిన రోజు ఒక బిందె నిండా పట్టి, దేవుడి గూటి కింద పెట్టి, మూతికి గుడ్డ కట్టి, ఇంట్లో అందరూ వినేలా చెప్పాను.

"ట్యాంకరు హారను ఇనపడేదాకా ఈ బిందె ఎవురూ ముట్టేది లేదు. ముట్టినోళ్ళ చెయ్యి ఇరుగుతాది, చూడండి."

చెప్పింది పాప కోసం. అది ఆడుకుని వచ్చి ఏ బిందెలో పడితే ఆ బిందెలో చెంబు ముంచేది. పాప భయపడింది. ఆ బిందె జోలికి పోలేదు. ట్యాంకరు రాగానే ఆ నీళ్ళు వాడేసి, మళ్ళీ నింపి, మళ్ళీ గుడ్డ కట్టేదాన్ని. కరువులో సంసారం చెయ్యడం నాకు తెలిసిందని నాలో నేను మెచ్చుకున్నాను కూడా.

అత్త మాత్రం పడుతూనే ఉంది.

పక్కింటావిడ పోరు పడలేక తాయెత్తు కట్టించడానికి తీసుకెళ్ళాను. స్టవ్వులు బాగుచేసే సాయిబు మా ఊళ్ళో తాయెత్తులు కూడా కట్టేవాడు. ఆయన అత్తను కూర్చోబెట్టి, దారం చుట్టి, మంత్రం చదివి ఊది, అంతా అయ్యాక ఆమె ముఖం ముందు వేళ్ళు పెట్టాడు.

"ఇవి ఎన్ని, పెద్దమ్మా?"

"నీకు ఎన్ని ఉంటే అన్ని."

సాయిబు నావైపు తిరిగి, "తాయెత్తు కట్టినా గానీ అక్కా, ముందు కండ్లు చూపీ" అన్నాడు. ఇచ్చిన దుడ్లలో సగం వెనక్కిచ్చి, బస్సుకు ఉంచుకోమన్నాడు.

కళ్ళు చూపించాం. శుక్లాలు తీసి మందపాటి అద్దాలిచ్చారు. ఇక పడదనుకున్నాం. అద్దాలు పెట్టుకున్న మొదటి రోజు అత్త మా ముఖాలన్నీ ఒక్కొక్కటిగా చూసి, "నువ్వింత నల్లగుండావని నాకు తెలీదే" అని నన్ను మెచ్చుకుంది. ఆ సాయంత్రం మెట్టు ఉన్నచోట కాక ఇంకెక్కడో కనిపించి, వాగు దాటినట్టు పెద్ద అడుగు వేసి వాకిట్లో పడింది. క్యాలెండరులో మరో ఎర్రగీత.

నా భర్త కొత్త రబ్బరు చెప్పులు తెచ్చాడు, బండలు జారకుండా. పుట్టినప్పటినుంచి ఇంట్లో చెప్పులేసుకోని మనిషి వాటితో కాళ్ళు ఈడ్చుకుంటూ నడిచి, వాటివల్లే ఒకసారి గోడకు గుద్దుకుంది. చేతికర్ర ఇచ్చాం. దాన్ని నేల మీద ఆనించగా నేను చూడలేదు. ఎప్పుడూ గాల్లోనే ఉండేది, మేకల మీద, కోళ్ళ మీద. గడప ఎత్తుగా ఉంది, దాటేటప్పుడు దాని మీద కాలు పెట్టి ఎక్కు అంటే, పసుపు పూసి మొక్కే గడప మీద కాలు పెట్టమంటావా అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. గడప చెక్కించేస్తానని ఆయనంటే, తను పోయాక బయట పడుకోబెట్టి, అప్పుడు ఆ పని చెయ్యమంది.

ఇక నాకేమీ తోచలేదు. ఒకరోజు అద్దాలుంటే పడేది, ఒకరోజు లేక పడేది. మాత్ర వేసుకున్న రోజూ పడేది, మరిచిపోయిన రోజూ పడేది. కొన్నిసార్లు వారం పది రోజులు చక్కగా తిరిగేది, జొన్నలు చెరిగేది, పాపకు జడ వేసేది. ఇప్పుడు బాగైందనుకునేసరికి మళ్ళీ ధడేలుమనేది. రోజూ ఒకేలా ఉంటే జబ్బనుకోవచ్చు. ఈ వచ్చీపోయే పడడం ఏమిటి? పక్కింటావిడ మంగళవారాన్ని నేను పరిహాసం చేశాను కానీ, ఎవరూ లేనప్పుడు ఎర్రగీతల్లో మంగళవారాలు లెక్కపెట్టి చూసుకున్నాను కూడా. కొన్ని ఉన్నాయి, కొన్ని లేవు.

ఆ అయోమయమంతా ఒకరోజు కోపంగా బయటికి వచ్చింది. "కావాలని పడతాండావా ఏమత్తా?" అన్నాను. ఎప్పుడూ మాటకు మాట చెప్పే మనిషి, వంగి మోకాలి మీది మన్ను తుడుచుకుంది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. కానీ అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు.

మరుసటి ఏడు ఏప్రిల్‌లో, మధ్యాహ్నం నేను అంగన్‌వాడీ మూసి ఇంటికి వచ్చేసరికి, అత్త దేవుడి గూటి కింద ఒక పక్కకు ఒరిగి పడి ఉంది. చెయ్యి ఒంటి కింద మడతపడింది. పక్కనే గుడ్డ కట్టిన బిందె.

ఇది రాయకుండా దాటెయ్యొచ్చు. కానీ దాటేస్తే మిగతాదంతా రాసీ లాభం లేదు. నేను ముందు బిందె వైపు చూశాను, ఒలికిందేమోనని. తర్వాతే అత్త వైపు చూశాను. బిందె కదల్లేదు. గుడ్డ ముడి వేసింది వేసినట్టే ఉంది.

మణికట్టు విరిగింది. డాక్టరు కట్టు వేస్తూ, "ఈసారి చెయ్యి. వచ్చేసారి తుంటి ఎముక ఇరిగితే మంచం దిగేది ఉండదు. ఒంటరిగా తిరగనియ్యద్దండి" అన్నాడు. బస్సులో వస్తూ అత్త ఆ మాటే పట్టుకుంది. చెయ్యి నొప్పి గురించి ఒక్కమాట లేదు. "మంచంలో పడేకి నేనొప్పను. మీతో ఎత్తించుకునే బతుకు నాకొద్దు" అని నా భర్తతో అంది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. అత్తకు భయమేస్తోందని నాకు ఆ రోజే తెలిసింది. అంతవరకు ఆమెకు అన్నీ వేళాకోళమే అనుకున్నాను.

ఇంటికి వచ్చాక ఆయన అటక మీదినుంచి ఎద్దు మెడగంట దించాడు. ఆ ముందటేడు మేత లేక ఎద్దుల్ని అమ్మేశాం, గంటలు మాత్రం మిగిలాయి. లేవాలనిపిస్తే ఇది ఊపు, పక్కింటావిడ వచ్చి చెయ్యి పట్టుకుంటుంది, అంతవరకు మంచం దిగొద్దు అన్నాడు. అత్త ఆ గంటను ఎడమచేత్తో తిప్పి తిప్పి చూసింది.

"ఎద్దును అమ్మి, గంట నాకు కట్టినారా?" అంది.

రెండు నెలలు అలా గడిచాయి. ఇల్లంతా తిరిగే మనిషి పడసాలలో మంచం మీద కూర్చుని గంట ఊపడానికి నామోషీపడి, చాలాసార్లు ఊపకుండానే ఊరుకునేది. కట్టు విప్పాక కూడా ఆ చెయ్యి సరిగా తిరగలేదు. పాప జడ నేనే వెయ్యాల్సి వచ్చింది, నాకు వంకర పాపిడి తప్ప రాదు.

జూన్‌లో బళ్ళు తెరిచారు. ఒకరోజు మధ్యాహ్నం అంగన్‌వాడీ నుంచి వచ్చి, పాప పుస్తకాలకు అట్టలు వెయ్యడానికి పాత ఏడాది క్యాలెండరు దించాను. క్యాలెండరు కాగితం గట్టిగా ఉంటుంది, మా ఇంట్లో ప్రతి ఏడూ అవే అట్టలు. ఆగస్టు కాగితం చింపి, వెనకవైపు తెల్లగా పైకి వచ్చేలా మడవబోతూ ఆగాను. ఎర్రగీత. దాని తర్వాతి గడిలో నీలం సున్నా. కింద మరో ఎర్రగీత, ఒక గడి వదిలి సున్నా. సెప్టెంబరు చింపాను. గీత, సున్నా. అక్టోబరులో ఒకటి కుదరలేదు, అది అద్దాలు పెట్టుకున్న రోజు. నవంబరు, డిసెంబరు. గీత, సున్నా. గీత, సున్నా. లేచి గోడ మీది కొత్త క్యాలెండరు ఏప్రిల్‌కు తిప్పాను. చెయ్యి విరిగిన రోజు గీత. మర్నాడు ట్యాంకరు వచ్చింది.

రెండు రంగులూ నా చేత్తోనే కొట్టాను. దాదాపు ఏడాది పాటు పక్కపక్కనే ఉన్నాయి. సున్నాలు ట్యాంకరతనితో పోట్లాటకు, గీతలు డాక్టరుకు. ఈ రెంటినీ కలిపి చూడాలని నాకెప్పుడూ తోచలేదు. ఇప్పుడు చూస్తున్నా కూడా కాసేపు అర్థం కాలేదు. ట్యాంకరుకూ అత్త కాళ్ళకూ ఏమిటి సంబంధం?

అప్పుడు డాక్టరు అడిగింది గుర్తొచ్చింది. తాగుతాదా నీళ్ళు?

ట్యాంకరు రాబోయే ముందు రోజుల్లో ఇంట్లో మిగిలేది ఆ గుడ్డ కట్టిన బిందె ఒక్కటే. నేను అంగన్‌వాడీలో తాగేదాన్ని. పాప బడిలో తాగేది. ఆయన పనికి వెళ్ళినచోట తాగేవాడు. పగలంతా ఇంట్లో ఉండేది అత్త ఒక్కతే. ఆమె చెంబెత్తి తాగడం నేను చూసింది, ట్యాంకరు వచ్చిన రోజుల్లో.

మోకాళ్ళున్నాయి, అద్దాలున్నాయి, గడప ఉంది, మాత్రలున్నాయి. అవన్నీ అబద్ధమని నేననను. ఆ తర్వాత కూడా అత్త రెండుసార్లు పడింది, అవి ఎందుకో ఇప్పటికీ తెలియదు. కానీ ఆ మధ్యాహ్నం నా చేతిలో ఉన్న కాగితాలు మాత్రం వేరే ఏమీ చెప్పడం లేదు.

కాగితాలు పట్టుకునే పడసాలలోకి వెళ్ళాను. అత్త మంచం మీద కూర్చుని ఉంది, ఒళ్ళో గంట. ట్యాంకరు వచ్చి ఆ రోజుకు ఐదు రోజులు. ఆమె పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. అవి అలా ఉండడం ఎన్నిసార్లు చూసి ఉంటానో, ఎండలకే అనుకున్నాను.

"అత్తా, పొద్దున్నుంచి నీళ్ళు తాగినావా?"

"యాడుండాయి తాగేకి? ట్యాంకరు రాలేదు గదా."

"బిందె నిండా ఉండాయి గదా ఆడ."

అత్త నావైపు విచిత్రంగా చూసింది. నేనేదో పరీక్ష పెడుతున్నాననుకుంది.

"అది ముట్టగూడదని నువ్వే గదా చెప్తివి. ముట్టినోళ్ళ చెయ్యి ఇరుగుతాదని."

"నేనన్నది పాపను, అత్తా."

"పాపనని నాకెట్ల తెలుస్తాది? అందురం ఉంటిమి ఆడ."

నేను మంచం పట్టె మీద కూర్చున్నాను. "మరి ఆపొద్దు ఆ బిందె దగ్గరికి యాలకు పోయింటివి?"

"దప్పికైంది. నోరంతా ఎండుకపాయె. ముట్టల్లని కాదు, నిండుగుండాదో లేదో చూస్తామని పోతి. చూసి ఈపక్క తిరిగినా, అంతే, నేల పైకొచ్చె."

అత్త తన కుడిచెయ్యి ఎత్తి, తిరగని మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని చూసుకుంది. రెండు నెలలుగా తనలో తాను అనుకుంటున్నదే ఇప్పుడు నన్నడిగింది. నిష్ఠూరంగా కాదు. నాకు తెలుస్తుందేమోనని, పెద్ద అనుమానంతో అడిగింది.

"నేను ముట్టనే లేదు గదమ్మే. ఒక్కనాడన్నా ముట్టలేదు. మరి నా చెయ్యి యాలకు ఇరిగె?"

నేను లేచి దేవుడి గూటి దగ్గరికి వెళ్ళాను. ముడి నేను వేసిందే. ఎంతసేపు లాగినా రాకపోతే, చివరికి పళ్ళతో విప్పాను.